నడిమి రెండేళ్లు

2022 దసరా. హైదరాబాద్ హాస్టల్ నుంచి మా మనవడు పండక్కి గోదావరిఖని వచ్చాడు. కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చేరి అప్పటికి మూడు నెలలు. రిటైరై ఏళ్లు గడిచినా నాకు ఫస్ట్ షిఫ్టు అలవాటు పోలేదు, నాలుగున్నరకే మెలకువ వస్తుంది. జమ్మి పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకున్న మర్నాడు ఎప్పటిలాగే లేచి వసారాలోకి వచ్చాను. వాడు చీకట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పుస్తకం. లైటు వేసుకోలేదు.

"ఏం బిడ్డా, నిద్ర పడతలేదా?"

"స్టడీ అవర్, తాతా."

"ఇంట్ల స్టడీ అవర్ ఏందిరా?"

"మెలకువ అచ్చింది. మళ్ల పండుకుందామంటే భయమైతాంది."

లైటు వేసి చూశాను. చేతి గోళ్లన్నీ మొదళ్ల దాకా కొరికేసుకున్నాడు. బొటనవేలి పక్కన చర్మం చీలి రక్తం గడ్డకట్టి ఉంది. పదో తరగతి దాకా వాడు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో చీకటి పడేదాకా క్రికెట్ ఆడి, వాళ్లమ్మ మూడుసార్లు పిలిస్తే గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. ఆ పిల్లవాడే ఈ పిల్లవాడు.

నేను 1981లో సింగరేణిలో బదిలీ ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్ పట్టి బొగ్గుబాయి దిగినవాణ్ని. తర్వాత పరీక్ష రాసి మైనింగ్ సర్దార్ అయ్యాను. సర్దారు పనేమిటంటే, కార్మికులకంటే ముందు పనిస్థలంలోకి పోవాలి. చేతిలోని కర్రతో పైకప్పును తట్టి వినాలి. గట్టిగా ఉంటే కంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. డొల్ల చప్పుడు విన్నాక ఇంకో ఆలోచన లేదు, మనుషుల్ని ఆపాలి, కింద ప్రాపులు వేయించాలి, ఆ తర్వాతే బొగ్గు. ఉత్పత్తి పోయిందని మేనేజరు అరిచినా సరే. ఆ తెల్లవారుజామున వాడి గొంతులో నాకు ఆ చప్పుడే వినపడింది.

కాలేజీకి ఫోన్ చేస్తే, మొదట్లో అందరూ అంతే, అలవాటవుతుంది, పంపించండి అన్నారు. మేం పంపలేదు. కట్టిన ఫీజులో రూపాయి వెనక్కి రాలేదు. పదో తరగతి మెమో, టీసీ చేతికి రావడానికి మా కొడుకు నాలుగుసార్లు హైదరాబాద్ తిరిగాడు, తిరిగిన ప్రతిసారీ ఒక రోజు మస్టరు పోయింది. ఆ కాలేజీ పేరు నేను రాయను. ఒక కాలేజీతో తగవు పెట్టుకోవడానికి ఇది రాయడం లేదు. పదిహేనేళ్ల పిల్లల్ని ఊరు దాటిస్తే తప్ప పై చదువు లేదని మనమంతా ఒప్పేసుకున్నాం కదా, ఆ ఒప్పుకోలు తప్పని చెప్పడానికి రాస్తున్నాను.

మరుసటి ఏడాది, 2023 మార్చిలో, నేనూ మా ఇంటామె టెక్సాస్ పోయాం. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా బిడ్డ ఉంటుంది. దాని కూతురు అప్పుడు పదో తరగతి. అక్కడ తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఒకటే హైస్కూలు. మన వాడి వయసు పిల్లే. పొద్దున పసుపుపచ్చ బస్సెక్కి పోయేది, సాయంత్రం వచ్చేది. ఒక పీరియడ్ కెమిస్ట్రీ, ఒక పీరియడ్ చరిత్ర, ఒక పీరియడ్ బ్యాండు. క్లారినెట్ వాయిస్తుంది. రాత్రి వాళ్లమ్మ చేతి చారన్నం తిని, నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పి పడుకునేది. పదిహేనేళ్ల పిల్లకు ఇంతకంటే ఏం కావాలి అనిపించింది మొదటి వారం.

రెండో వారంలో ఒకరోజు బడి నుంచి వచ్చి, "ఇవాళ మాకు లాక్‌డౌన్ డ్రిల్ తాతా" అంది. అంటే ఏమిటని అడిగాను. తుపాకీ పట్టుకుని ఎవరైనా బడిలోకి వస్తే ఏం చేయాలో నేర్పుతారట. తలుపుకు తాళం వేస్తారు, లైట్లు ఆర్పుతారు, కిటికీలోంచి కనపడని గోడవారన అందరూ కింద కూర్చుంటారు, ఫోన్లు మోగకూడదు, ఊపిరి చప్పుడు కూడా రాకూడదు. అన్నం కలుపుకుంటూ మామూలుగా చెప్పింది. నాకు ముద్ద దిగలేదు. ముందటేడు మే 24నే అదే రాష్ట్రంలో ఉవాల్డే అనే ఊళ్లో చిన్న బడిలో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను ఒక పద్దెనిమిదేళ్లవాడు కాల్చి చంపాడు.

మేమూ బాయిలో ప్రమాదాల రిహార్సళ్లు చేసినవాళ్లమే. పొగ వస్తే ఎటు నడవాలి, నీళ్లు వస్తే ఎటు ఎక్కాలి, అన్నీ నేర్పేవారు. 2003 జూన్‌లో మా గోదావరిఖని సెవెన్ ఎల్ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. ఆ వారం ఊళ్లో ఏ పొయ్యీ సరిగా వెలగలేదు. కానీ బొగ్గు తవ్వే చోట చావు పొంచి ఉంటుందని తెలిసే మేం దిగాం, అందుకు జీతం తీసుకున్నాం. లెక్కలు నేర్చుకునే పిల్లకు ఆ రిహార్సల్ ఎందుకు? తుపాకుల్ని అమ్మనిచ్చి, దాక్కోవడం పిల్లలకు నేర్పే దేశం చదువులో ఎంత ముందున్నా నాకు దాని మీద గౌరవం కలగలేదు.

ఇంకా చూశాను. ప్రతి హైస్కూల్లో కౌన్సెలర్లుంటారు. పిల్ల ఏ సబ్జెక్టు తీసుకోవాలో, ఏడుపొస్తే ఎవరితో చెప్పుకోవాలో వాళ్లే చూడాలి. ఒక్కో కౌన్సెలర్‌కు 250 మంది పిల్లలు మించకూడదని వాళ్ల సంఘమే చెబుతుంది. 2022-23లో దేశం మొత్తం మీద సగటు 385. ఇక మన తెలుగు తల్లిదండ్రుల సంగతి. శనివారం గణితం క్లాసు, ఆదివారం శాట్ క్లాసు, వేసవిలో ముందు తరగతి సిలబస్. పక్కింటి పిల్ల జీపీఏ ఎంత, మన పిల్లది ఎంత. కాలేజీ క్రెడిట్ ఇచ్చే బరువైన కోర్సులు ఎవరు ఎన్ని తీసుకున్నారు. ఎంసెట్ రాసి పోయినవాళ్లు తమ పిల్లలకు కూడా ఆ బతుకే ఏర్పాటు చేస్తున్నారు. మా బిడ్డకు ఆ మాట మొహం మీదే చెప్పాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు ఆదివారం క్లాసు మాన్పించింది.

ఒక సాయంత్రం మనవరాలు టీవీ ముందు కూర్చోబెట్టి, "తాతా, ఇది మీ ఊరి సినిమా" అంది. 1999లో వచ్చిన 'అక్టోబర్ స్కై'. హోమర్ హికమ్ అనే ఇంజనీరు తన చిన్నతనం గురించి రాసుకున్న పుస్తకం దానికి ఆధారం. వెస్ట్ వర్జీనియాలో కోల్‌వుడ్ అనే బొగ్గు ఊరు. కంపెనీ ఇళ్లు, షిఫ్టు మారేటప్పుడు నల్లటి మొహాలతో వరుసగా నడిచివచ్చే మనుషులు, తలమీద క్యాప్ ల్యాంపులు. భాష అర్థం కాకపోయినా నాకు ఊరు అర్థమైంది. తండ్రి గని సూపరింటెండెంటు. కొడుకు కూడా బాయిలోకే రావాలంటాడు. 1957లో రష్యావాళ్లు స్పుత్నిక్‌ను పంపితే ఆకాశంలో దాన్ని చూసి, కొడుకు స్నేహితులతో కలిసి రాకెట్లు చేయడం మొదలుపెడతాడు. వాళ్ల హైస్కూలు సైన్సు టీచరు ఫ్రీడా రైలీ వెనక నిలబడుతుంది. 1960లో వాళ్లకు జాతీయ సైన్సు పోటీలో బహుమతి వచ్చింది. హికమ్ పెద్దయ్యాక నాసాలో పనిచేశాడు. ఇదంతా జరిగిన కథే.

సినిమా అయ్యాక ఆ బడి ఇప్పుడెలా ఉందని అడిగాను. మనవరాలు ఫోన్లో వెతికి చదివి చెప్పింది. ఆ బడి పేరు బిగ్ క్రీక్ హైస్కూలు. 2010లో మూసేశారు. మిగిలిన పిల్లల్ని ఇంకో బడిలో కలిపేశారు. మెక్‌డోవెల్ కౌంటీలో 1950లో లక్షకు దగ్గరగా జనం ఉండేవారు, 2020 నాటికి 19 వేల చిల్లర. బొగ్గు తవ్వడానికి యంత్రాలు వచ్చాయి, తర్వాత గనులే పోయాయి, మనుషులు పోయారు. అమెరికాలో బళ్ల ఖర్చులో సగానికి దగ్గరగా స్థానిక పన్నుల నుంచే వస్తుంది, అందులో ఎక్కువ భాగం ఇళ్ల మీద, ఆస్తుల మీద పన్ను. ఖరీదైన ఇళ్లున్న ఊళ్లో బడి మెరుస్తుంది. ఇళ్లు ఖాళీ అయిన ఊళ్లో బడీ ఖాళీ అవుతుంది. ఫ్రిస్కో బడికి ఉన్న ఆటల మైదానం చూసి నేను మురిసిపోయాను గానీ, అది అక్కడి ఇళ్ల ధరలు కట్టిన మైదానం. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేదల ప్రాంతం తల్లిదండ్రులు ఇది అన్యాయమని కోర్టుకెక్కితే, 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ల కేసు కొట్టేసింది. చదువు అక్కడి రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని తేల్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనసంతా మా ఊరి మీదే ఉంది.

సింగరేణిలో ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులం. ఇప్పుడు నలభై వేల దగ్గర. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, కొన్ని ఓపెన్‌కాస్టుల్లో కలిసిపోయాయి. వెయ్యి మంది చేసిన పని ఇప్పుడు షవెల్, డంపర్లు చేస్తున్నాయి. కాలనీల్లో ఖాళీ క్వార్టర్ల కిటికీ చెక్కలు ఊడిపోయి ఉన్నాయి. కంపెనీ హైస్కూళ్లలో ఒకప్పుడు సీటు కోసం సిఫారసు కావాల్సి వచ్చేది, మా వాడిని చేర్చినప్పుడు మాత్రం టీచర్లే ఇంటికి వచ్చి అడిగారు. మంచి బడి అది. సారు వాణ్ని పేరుతోనే కాదు, ఇంటిపేరుతో, తాత పేరుతో సహా ఎరుగును. కానీ పదో తరగతితో బడి అయిపోయింది. అక్కడే మన దగ్గర గొయ్యి ఉంది.

మన ఊరి సంగతి ఒకసారి లెక్క వేసుకోండి. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా కంపెనీ బళ్లు, సర్కారు బళ్లు ఉన్నాయి. ఇంజనీరింగ్ చదవాలంటే సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ కాలేజీ ఉంది. డాక్టరు చదువుకు 2022లో మన దగ్గరే మెడికల్ కాలేజీ వచ్చింది, సింగరేణి డబ్బుతోనే కట్టారు, కార్మికుల పిల్లలకు అందులో అయిదు శాతం సీట్లు కూడా ఇచ్చారు. నిచ్చెనకు కింది మెట్లూ ఇక్కడే, పై మెట్లూ ఇక్కడే. నడిమి రెండు మెట్లు మాత్రం నూటాయాభై మైళ్ల అవతల హైదరాబాద్‌లో అపార్టుమెంటు హాస్టళ్లలో ఉన్నాయి. ఆ రెండు మెట్ల కోసం లక్షన్నర, రెండు లక్షలు అప్పు తెచ్చి, పిల్లవాణ్ని నలుగురున్న గదిలో అయిదోవాడిగా పడేసి వస్తున్నాం.

రాజ్యాంగంలో 2002లో చేర్చిన 21-ఏ అధికరణం, 2009 విద్యాహక్కు చట్టం, రెండూ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల వరకే. పద్నాలుగు దాటితే చదువు మన దేశంలోనూ హక్కు కాదు. హైస్కూలు మొదలయ్యే చోటే హక్కు ఆగిపోతుంది. ఆగిన చోట వ్యాపారం మొదలైంది. తమిళనాడు 1978లోనే ప్లస్ టూని బళ్లలో కలిపింది. కేరళ తర్వాత కలిపింది. సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు తరగతులు బడిలోనే ఉంటాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఒకే దశ అంటుంది. మనం మాత్రం 1971లో ఇంటర్ బోర్డు పెట్టుకుని, జూనియర్ కాలేజీ అని విడిగా పేరు పెట్టి, పదిహేనేళ్ల పిల్లవాణ్ని ఒక్క వేసవిలో కాలేజీవాణ్ని చేసేశాం. బడిలో సారు ఉంటాడు, కాలేజీలో లెక్చరర్ ఉంటాడు. పేరు మారితే బాధ్యత కూడా మారిపోయింది.

ఆ రెండేళ్లు పిల్లల్ని ఏం చేశాయో మనకు తెలియనిది కాదు. కార్పొరేట్ కాలేజీల్లో ఆత్మహత్యల మీద నీరదారెడ్డి కమిటీ 2001లోనే వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ. 2019 ఏప్రిల్‌లో మన తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. గోదావరి అవతల మా పక్క మంచిర్యాల జిల్లా జన్నారంలో ఒక ఆడపిల్లకు తెలుగులో సున్నా వేశారు, తిరిగి చూస్తే 99. తప్పు దిద్దారు, ఆ పిల్ల బతికి ఉంది గనుక దిద్దించుకుంది. ఒక్క కాగితం మీద ఒక్క అంకె తప్పు పడితే ప్రాణం పోయేంత బరువు ఆ అంకె మీద ఎవరు పెట్టారు? మనమే పెట్టాం. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైన, ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. ఎంత తోమినా ఆ లెక్క మారదు. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్ పెట్టినా సీట్లు పెరగవు, నిద్ర ఒక్కటే తగ్గుతుంది.

సర్కారు జూనియర్ కాలేజీ గోదావరిఖనిలో ఉంది కదా, అక్కడ చదివించొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. చదివించాం. మా వాడు మిగతా ఇంటర్ ఊళ్లోనే ఉండి పూర్తి చేశాడు. చెప్పే లెక్చరర్లు మంచివాళ్లు, చదువుకున్నవాళ్లు. అయితే పదో తరగతి దాకా బడిలో ఉన్న మధ్యాహ్న భోజనం అప్పుడు ఇంటర్‌లో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో జూనియర్ కాలేజీల్లో మొదలుపెట్టారు, మన దగ్గర ఏళ్ల తరబడి మాటల్లోనే నడిచింది. పల్లెల నుంచి పొద్దున ఏడింటి బస్సుకు వచ్చే ఆడపిల్ల మధ్యాహ్నం వరకు ఏమీ తినకుండా ఎట్లా చదువుతుంది? అందుకే ఒంటిగంటకు కాలేజీ ఖాళీ. గురుకులాలు ఎన్నో పేద ఇళ్లను నిలబెట్టాయి, వాటిని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ అవి కూడా ఇంటికి దూరమే. ఇల్లు లేనివాళ్లకు హాస్టల్ వరం. ఇల్లున్న పిల్లకు చదువు పేరుతో ఇల్లు లేకుండా చేయడం ఎందుకు?

ఇంకొకటి, ఇది మన ఇళ్ల లోపలి మాట. మగపిల్లవాణ్ని హైదరాబాద్ పంపి, ఆడపిల్లను మాత్రం ఊళ్లోని కాలేజీలో వేసే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. వాడికి లక్షన్నర, దానికి బస్ పాస్. నడిమి రెండేళ్లు ఊళ్లోనే బాగుంటే ఈ తేడా చేయడానికి సాకు దొరకదు.

అందుకని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. రామగుండం ప్రాంతంలో సింగరేణి హైస్కూళ్లు ఉన్నాయి. గదులున్నాయి, మైదానాలున్నాయి, నీళ్లున్నాయి. వాటిలో పదకొండు, పన్నెండు తరగతులు పెట్టండి. డబ్బు లేదనడానికి లేదు. 2015లో గనుల చట్టం సవరించినప్పుడు జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజుల మీద గని యాజమాన్యం తాను కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన డబ్బు ఆ నిధికి కట్టాలి. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల చదువు, ఆరోగ్యం, తాగునీరు దాని మొదటి ఖర్చులని నిబంధనల్లోనే ఉంది. ఓపెన్‌కాస్టు పేలుళ్లకు గోడలు బీటలిచ్చిన ఇళ్లు మావి. ఆ దుమ్ము పీల్చిన పిల్లలు మా పిల్లలు. ఆ నిధిలో మొదటి హక్కు వాళ్ల చదువుది.

సాయంత్రం నీట్, ఎప్‌సెట్ శిక్షణ కావాలా? పక్కనే మెడికల్ కాలేజీలో చదివే పిల్లలున్నారు, సెంటినరీ కాలనీలో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. వాళ్లకు కాస్త డబ్బిచ్చి చెప్పించండి. కంపెనీ వర్క్‌షాపుల్లో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, సర్వేయర్లు ఉన్నారు, ఎన్టీపీసీలో ఉన్నారు, ఎరువుల కర్మాగారంలో ఉన్నారు. వారంలో ఒక మధ్యాహ్నం పిల్లలు పోయి పని చూడనివ్వండి, చేయి పెట్టనివ్వండి. ఫిజిక్సులో కప్పీ సూత్రం చదివిన పిల్ల బొగ్గు టబ్బుల్ని లాగే హాలర్ తిరగడం కళ్లారా చూస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోదు. ప్రతి బడిలో ఒక మనిషిని పెట్టండి, అతనికి పాఠం చెప్పే పని వద్దు, మార్కుల పని వద్దు. పిల్లల దగ్గర కూర్చుని మాట్లాడి, ఎవరి గొంతు డొల్లగా ఉందో పట్టుకోవడం ఒక్కటే పని. బాయిలో అందుకు సర్దారును పెట్టారు, చట్టం చేసి మరీ పెట్టారు. బొగ్గు పొరకు దొరికిన ఆ జాగ్రత్త పిల్లలకు కూడా దొరకాలి.

ఈ పని బొగ్గు ఉండగానే చేయాలి. మెక్‌డోవెల్ వాళ్లు గనులు నడిచినన్నాళ్లు బడి కూడా నడుస్తుందనుకున్నారు. కంపెనీకి ఇవాళ లాభాలున్నాయి, వాటిలో కార్మికులకు వాటా పంచుతోంది, దీపావళికి బోనస్ ఇస్తోంది. రేపు ఓపెన్‌కాస్టుల్లో కూడా బొగ్గు అయిపోయిన రోజున ఈ ఊరికి మట్టిగుట్టలు మిగులుతాయి, వాటి పక్కన బడి కూడా మిగలాలి.

మా వాడు 2024లో ఇంటర్ పాసయ్యాడు. ఎప్‌సెట్‌లో గొప్ప ర్యాంకు రాలేదు, సెంటినరీ కాలనీలో సీటు వచ్చేంత వచ్చింది. ఇప్పుడు పొద్దున బస్సుకు పోయి రాత్రికి ఇంట్లో అన్నం తింటున్నాడు. ఆదివారం స్టేడియంకు పోతున్నాడు. గోళ్లు పెరిగాయి.

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు మార్కుల జాబితా పట్టుకుని మా కాలనీల్లో ఇల్లిల్లూ తిరుగుతారు. కంపెనీ పెద్దలకు, జిల్లా కలెక్టరు గారికి, కార్మిక సంఘాల నాయకులకు నా మనవి: ఈసారి వాళ్ల కంటే ముందే మన బడి గేటు మీద "పదకొండో తరగతిలో ప్రవేశాలు" అని బోర్డు కట్టండి.